రెండో కర్సర్

మెదక్‌లో ఒక ప్రైవేటు హైస్కూలు ఆఫీసులో నేను ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. చేరిన కొత్తలో టైపు మిషను ఉండేది, తర్వాత కంప్యూటరు వచ్చింది. ఏది ఉన్నా బడి నుంచి బయటికి వెళ్లే ప్రతి కాగితం నా చేతుల మీదుగానే వెళ్లేది. బోనఫైడ్ సర్టిఫికెట్లు, టీసీలు, ప్రశ్నపత్రాలు, టైంటేబుళ్లు, వార్షికోత్సవం కరపత్రాలు. టీచర్లు రాసి ఇచ్చేవారు, నేను కొట్టేదాన్ని. తెలుగు ప్రశ్నపత్రంలో ఒక ఒత్తు తప్పు పడితే పరీక్ష రాసే పిల్లల కంటే ముందు నా కంటికే కనిపించేది. ఆ సంగతిలో నాకు కాస్త గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది.

రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో మా ఆఫీసు కంప్యూటరు పాడైపోయింది. రిపేరు చేసే అతను మూత ఊడదీసి, లోపలికి ఒకసారి చూసి మళ్లీ బిగించేశాడు. అదృష్టం బాగుండి ఫైళ్లన్నీ నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. యాజమాన్యం రెండు కొత్త కంప్యూటర్లు కొన్నది. అవి వచ్చిన రోజు ప్రిన్సిపాల్ మేడం నన్ను తన గదికి పిలిచింది. ఆమె నాకంటే వయసులో చిన్నది. నలుగురి ముందు మేడం అంటుంది, ఇద్దరమే ఉన్నప్పుడు అక్కా అంటుంది.

"అక్కా, గీ కొత్త కంప్యూటర్లల్ల ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఏది పెట్టాల్నో మీరే చెప్పుండ్రి. పాతదాని లెక్క కొని ఎక్కించుకునేది ఒకటున్నది, డెస్క్‌టాప్‌ది. నెట్ల తెరిచి అండ్లనే పనిచేసుకునేది ఇంకోటి. దాన్ని కొనేది లేదు, ఎక్కించేది లేదు అంటున్నరు. నాకైతే రెండిట్ల ఫరక్ తెల్వది."

"చూసేదేమున్నది మేడం? డెస్క్‌టాపే," అన్నాను, ఆమె మాట పూర్తయ్యీ కాకముందే.

ఆమె నవ్వింది. "గంత జల్ది వద్దు. మీ దాంట్ల డెస్క్‌టాప్‌ది ట్రయల్‌కు ఎక్కిస్తం, రెండోదాంట్ల నెట్‌ది. దసరా సెలవుల దాంక రెండూ వాడి చూడుండ్రి. అప్పుడు మీరు ఏదంటే అదే."

డెస్క్‌టాప్ అనడానికి నా దగ్గర పైకి చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. మా వీధిలో నెట్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. అచ్చు వేసిన టీసీ ఫారాల మీద అక్షరం సరిగ్గా గీత మీద పడాలంటే కొలతలు నా చెప్పుచేతల్లో ఉండాలి. పైకి చెప్పని కారణం ఒకటి ఉంది. ఏ ఫైలు ఎక్కడ ఉందో బడి మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. టీచర్లు వచ్చి, "మేడం, పోయినేటిది జర తీసియ్యుండ్రి" అని నా కుర్చీ పక్కన నిలబడేవారు. అలా నిలబడటం నాకు ఇష్టంగా ఉండేది. అన్నీ నెట్‌లో పెడితే ఇంక ఎవరు నిలబడతారు?

బడి తెరిచిన రోజే రెండో కంప్యూటరు ముందు కూర్చోవడానికి ఒక అమ్మాయి చేరింది. టేక్మాల్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. డిగ్రీ అయింది, కంప్యూటర్ కోర్సు కూడా చేసింది. చెవులు అసలే వినపడవు, మాట్లాడదు అని ప్రిన్సిపాల్ మేడం ముందే చెప్పింది. నేను ఒక చిన్న నోట్‌ప్యాడ్ కొని ఇద్దరి బల్లల మధ్య పెట్టాను. ఏదైనా పని ఉంటే దాని మీద రాసి, చెయ్యి ఊపి చూపించేదాన్ని. "ఇది టైపు చెయ్యి." "రెండు కాపీలు తియ్యి." ఆమె చదివి తల ఊపేది, పని పూర్తి చేసి కాగితాలు నా బల్ల మీద పెట్టేది. తప్పులు ఉండేవి కావు. మూడు వారాల్లో మేమిద్దరం మాట్లాడుకున్నది ఆ నోట్‌ప్యాడ్‌లో పది పేజీలు కూడా దాటలేదు. పాపం అనుకునేదాన్ని. జాలిపడితే నా పని అయిపోయినట్టే ఉండేది.

ఆ మూడు వారాలూ ఆన్‌లైన్ వెర్షన్‌కు నేను పెట్టిన పరీక్షలన్నీ అది తప్పాలని పెట్టినవే. ముందుగా ఒక టీసీ దాంట్లో కొట్టి ఫారం మీద ప్రింటు తీశాను. అబ్బాయి పేరు గీత దాటి అరంగుళం కిందికి, తండ్రి పేరు ఉండాల్సిన చోట పడింది. కాగితం తీసుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను.

"చూడుండ్రి మేడం, కొడుకు తండ్రి జాగల కూసున్నడు."

ఆమె నవ్వి, "ఇంకా చూడుండ్రి" అంది.

తర్వాత మా వీధిలో మురికి కాలువ కోసం తవ్వుతూ కేబుల్ తెంపేశారు. పొద్దున్నే నెట్ పోయింది. ఆ రోజే శంకరంపేట నుంచి ఒక రైతు కుటుంబం ముగ్గురు పిల్లల టీసీల కోసం వచ్చింది. ముగ్గురినీ వేరే ఊరి హాస్టలు బడిలో చేర్చాలి, అదే చివరి రోజు. నేను డెస్క్‌టాప్ తెరిచి, పాత ఫారం తీసి, మూడూ కొట్టి, సంతకం పెట్టించి చేతిలో పెట్టాను. ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. వాళ్లు వెళ్లాక పక్కకు తిరిగి చూస్తే ఆ అమ్మాయి, పని లేక, కదలని తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. నేను గెలిచినట్టే అనుకున్నాను.

టైంటేబుల్ పని వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

మా బడిలో టైంటేబుల్ వేసేది లెక్కల సారు. ఏటా ఆయన కాగితం మీద గళ్లు గీసి తెచ్చేవాడు. నేను కొట్టేదాన్ని, ఆయన దిద్దేవాడు, నేను మళ్లీ కొట్టేదాన్ని. ఫైలుకు ఫైనల్ అని పేరు పెట్టేదాన్ని, మర్నాడు ఫైనల్ కొత్తది, ఆ మర్నాడు ఫైనల్ కొత్తది రెండు. ఏటా ఎవరో ఒకరు తప్పు కాగితం గోడకు అంటించేవారు, రెండు రోజులు బడి అంతా గందరగోళం. ఈసారి ప్రిన్సిపాల్ మేడం టైంటేబుల్ ఆన్‌లైన్‌లోనే వెయ్యాలంది. కింది తరగతులు నేను, పై తరగతులు ఆ అమ్మాయి, ఒకే ఫైలులో.

నేను ఆరో తరగతి గళ్లు నింపుతున్నాను. ఉన్నట్టుండి పైన, నాది కాని మరో కర్సర్ వెలిగింది. ఆకుపచ్చ రంగు, పక్కన చిన్న అక్షరాలతో ఆ అమ్మాయి పేరు. నేను చెయ్యి పెట్టని గళ్లలో అక్షరాలు వాటంతటవే వచ్చి కూర్చుంటున్నాయి. నా వంటింట్లోకి ఎవరో వచ్చి నా పొయ్యి ముందు నిలబడ్డట్టు అనిపించింది. తల తిప్పి చూశాను. ఆమె తన తెర వైపే చూస్తూ కొడుతోంది. మళ్లీ నా తెర చూసేసరికి పేజీ అంచున ఒక డబ్బా తెరుచుకుంది. అందులో ఇలా ఉంది:

"మేడం, గురువారం మూడో పీరియడ్‌ల లెక్కల సార్ రెండు క్లాసులల్ల ఉన్నడు. సార్‌ను సగం సగం చేద్దమా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆమెకు వినపడదని గుర్తొచ్చి ఆ డబ్బా కిందే కొట్టాను: "ఏ సగం ఎవరికి?"

వెంటనే జవాబు వచ్చింది. "నోరున్న సగం పదో తరగతికి. చెయ్యి ఉన్న సగం తొమ్మిదికి. బోర్డు మీద రాసిపోతడు."

పక్కన ఆమె భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. మూడు వారాలు నా పక్కన కూర్చున్న మనిషి ఇంత కొంటెదని నాకు తెలియదు. ఇంకో సంగతి, ఆమె గొంతు నేను ఎప్పుడూ వినలేదు, కానీ ఆ రాతలో టేక్మాల్ యాస వినపడింది. నోట్‌ప్యాడ్ మీద మాత్రం ఎప్పుడూ "సరే మేడం", "అయింది మేడం" అని పుస్తకాల తెలుగే రాసేది.

ఆ రోజు టైంటేబుల్ సాయంత్రానికి ముగిసింది. డబ్బాలో కబుర్లు మాత్రం ఆగలేదు. మర్నాడు ఆమెను అడిగాను, ఇన్ని రోజులు కాగితం మీద ఇలా ఎందుకు రాయలేదని. ఆమె జవాబు రాసింది:

"చీటీ రాసేటప్పుడు మీరు ఎదురుంగ నిలబడి నా మొఖం చూస్తరు. జల్ది రాయాల్నని పరేషాన్ ఐతది. చిన్న మాటే రాస్త. ఇక్కడ ఎవ్వరు నిలబడరు మేడం."

ఒకరు పక్కన నిలబడటం నాకు ఎంత ఇష్టమో ముందే చెప్పాను. అది అవతలి మనిషికి ఎలా ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు.

అలా అలా కొన్ని రోజుల్లో తెలిసింది, ఆమెకు పుట్టుకతో చెవుడు కాదని. తొమ్మిదో ఏట జ్వరం వచ్చి, దవాఖానలో నెల రోజులుండి, ఇంటికి వచ్చేసరికి వినికిడి పోయింది. మాటలు వచ్చు. కానీ తన గొంతు ఎంత పెద్దగా వస్తుందో తనకు తెలియదు. కాలేజీలో ఒకసారి క్లాసులో లేచి జవాబు చెప్తే అందరూ నవ్వారు. అప్పటి నుంచి ఇంటి గడప దాటితే నోరు తెరవలేదు. ఎదురుగా ఒక్కరే నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటుంది. నలుగురు కలిస్తే ఎవరి పెదవులని చూస్తుంది?

నెలకొకసారి జరిగే స్టాఫ్ మీటింగులో ఆమె చివరి కుర్చీలో కూర్చునేది. అందరూ నవ్వితే నవ్వేది. ఒక మీటింగు అయ్యాక, ఏం అర్థమైందని డబ్బాలో అడిగాను.

"చాయ్‌ల ఎవరెవరు చక్కెర ఎక్కువ ఏసుకుంటరో తెల్సింది," అని రాసింది.

నవ్వుకున్నాను కానీ ఆ మాట ఇంటికి వచ్చినా వదల్లేదు. వంట చేస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆన్‌లైన్ ఫైలు ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. మీటింగులో అందరూ మాట్లాడేవన్నీ నేను కొడుతూ పోతే ఆమె తన ఫోన్‌లో అప్పటికప్పుడు చదువుకోవచ్చు. నా వేగానికి మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మంచి పేరు ఉండేది. మర్నాడు ప్రిన్సిపాల్ మేడాన్ని అడిగాను. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, తన ల్యాప్‌టాప్ తీసి నా చేతిలో పెట్టింది.

ఆగస్టు మీటింగులో నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని కూర్చుంది. టీచర్లు మొదట నా వేళ్ల వంకే చూశారు, తర్వాత మర్చిపోయారు. నేను ఎవరు మాట్లాడితే వారి పేరు, పక్కన వారి మాట, ఉన్నది ఉన్నట్టు కొట్టాను. దగ్గు వచ్చి ఆగితే దగ్గు అని కూడా కొట్టాను. ఆమె పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది.

అసలు విషయం పదో తరగతి స్పెషల్ క్లాసులు. వచ్చే నెల నుంచి సాయంత్రం బడి వదిలాక గంటన్నర పెడదామన్నాడు లెక్కల సారు. అందరూ సరే అన్నారు. ప్రిన్సిపాల్ మేడం రాసుకోబోతుంటే నా తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

"మేడం, ఒక్క మాట. చదువుతరా?"

నేను చెయ్యి ఎత్తాను. "ఈమె ఏదో చెప్తా అంటున్నది."

అందరూ మా వైపు తిరిగారు. ఆమె ఫోన్‌లో కొడుతుంటే నేను ఒక్కో వాక్యం పైకి చదివాను.

"టేక్మాల్ దిక్కు నుంచి పదో తరగతి ఆడపిల్లలు ఏడుగురు నేనొచ్చే బస్సులనే వస్తరు. సాయంత్రం మా బస్సు తప్పితే మళ్ల చీకటి పడ్డంకనే ఇంకోటి. పోయినేడు గిట్లనే క్లాసులు పెడితే ఇద్దరిని ఇంట్లోళ్లు బడి మాన్పించిన్రు. వాళ్ల చెల్లెండ్లు ఇప్పుడు మన బడిలనే ఉన్నరు, నాకు ఫోన్‌ల రాసి చెప్పిన్రు. పొద్దుగాల బస్సు మమ్మల్ని ఎనిమిదిన్నరకే దించుతది. బడి తెరిచేదాంక ఆ పిల్లలు గేటు కాడ ఊకెనే కూసుంటరు. క్లాసులు పొద్దుగాల పెట్టరాదా?"

పోయినేడు మానేసిన ఆ ఇద్దరి టీసీలు కొట్టింది నేనే. కారణం అన్న గడిలో "సొంత కారణాలు" అని కొట్టాను. నాకు ఆ క్షణంలో తల ఎత్తబుద్ధి కాలేదు.

లెక్కల సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గేటు కాడ కూసునేది నేను రోజూ చూస్తున్న. ఎందుకు కూసుంటున్నరని ఒక్కపారి గూడ అడగలే." తర్వాత నా వైపు తిరిగాడు. "మేడం, నేను ఎనిమిదిన్నరకు వస్తా అని ఆమెకు చెప్పుండ్రి."

"నాకెందుకు సార్? ఆమెనే చూసి చెప్పుండ్రి. నేను కొడుత, ఆమె చదువుకుంటది."

ఆయన ఆమె వైపు తిరిగి, నెమ్మదిగా, "అమ్మా, నేను పొద్దుగాలనే వస్త" అన్నాడు.

ఆమె ఫోన్ చూసింది, ఆయన మొహం చూసింది. నోరు తెరిచి, "థాంక్స్ సార్!" అంది.

ఆ గొంతు ఆ గదికి చాలా పెద్దది. వరండాలో ఉన్న ఆయా తలుపు తోసుకుని, "పిలిచిన్రా మేడం?" అంటూ లోపలికి వచ్చింది. మా అందరి మొహాలూ చూసి, ఏం జరిగిందో అర్థమై, మొట్టమొదట నవ్వింది ఆ అమ్మాయే. అప్పుడు మేమంతా నవ్వాం. అది కాలేజీ నవ్వు లాంటిది కాదని ఆమెకు తెలిసిందనే నా నమ్మకం, ఎందుకంటే ఆమె తల దించుకోలేదు.

దసరా సెలవులకు ముందు ప్రిన్సిపాల్ మేడం మళ్లీ పిలిచింది. "అక్కా, ఏదంటరు మరి?"

"ఒక కంప్యూటర్‌ల డెస్క్‌టాప్‌ది కొనుండ్రి మేడం. టీసీలకు, సర్టిఫికెట్లకు అదే కావాలె. నెట్ లేని రోజు గూడ బడి నడవాలె. ప్రశ్నపత్రాలు నెట్ల పెట్టేది లేదు, నా దగ్గర తాళమేసే ఉండాలె. టైంటేబుళ్లు, మీటింగులు, మార్కుల షీట్లు, నలుగురు కలిసి చేసేటివన్ని ఆన్‌లైన్ల పెడదం. రెండో కంప్యూటర్‌ల ఏం కొనొద్దు."

"మొదలు డెస్క్‌టాపే అన్నరు గద?"

"అప్పుడు నాకు ఎరుకున్నది అదొక్కటే."

ఆ సెలవుల్లో ఆఫీసుకు వచ్చి నాలుగు రోజులు కూర్చుని, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఏళ్లనాటి ఫైళ్లు, ప్రశ్నపత్రాలు తప్ప, ఒక్కొక్కటీ పేర్లు సరిచేసి ఆన్‌లైన్‌లోకి ఎక్కించాను. మొదటి ఫోల్డరును టీచర్లందరికీ తెరిచే బటన్ నొక్కడానికి నాకు చాలాసేపు పట్టింది. లేచి నీళ్లు తాగి వచ్చి నొక్కాను. అనుకున్నట్టే ఆ తర్వాత నా కుర్చీ పక్కన నిలబడేవాళ్లు తగ్గారు. కొన్నాళ్లు వెలితిగా ఉండేది. మెల్లగా వాళ్లు ఫైళ్ల కోసం కాకుండా మామూలుగా వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు.

క్లాసులు పొద్దున్నే జరిగాయి. ఆ ఏడాది ఏడుగురిలో ఎవరి టీసీ మధ్యలో కొట్టాల్సిన పని నాకు పడలేదు. ఏడుగురూ పరీక్ష రాశారు, ఒకమ్మాయి లెక్కల్లో తప్పి సప్లిమెంటరీలో పాసైంది. మీటింగులో నేను కొట్టేది చదవడానికి మా తెలుగు సారు కూడా ఫోన్ తీయడం ఒకరోజు గమనించాను. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. వినికిడి తగ్గిందని ఎవరికీ చెప్పలేదు, మేమూ ఏమీ అనలేదు. ఆయన ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి పెట్టమని ఆ అమ్మాయికి నేనే చెప్పాను.

ఇప్పుడు ఆమె వారానికి రెండు పీరియడ్లు తొమ్మిదో తరగతికి కంప్యూటర్ క్లాసు తీసుకుంటోంది. తెర మీద పాఠం కొడుతుంది, పిల్లలు తమ ముందున్న కంప్యూటర్లలోంచి అదే పేజీలో ప్రశ్నలు కొడతారు. వెనక బెంచీ పిల్లలు అడిగినన్ని ప్రశ్నలు వేరే ఏ క్లాసులోనూ అడగరని ప్రిన్సిపాల్ మేడం అంటుంది. నన్ను ఆ అమ్మాయి మేడం అనడం మానేసి చాలా రోజులైంది. అక్క అంటుంది.

ఈ మధ్య కౌడిపల్లిలో ఒక బడివాళ్లు కబురు పెట్టారు. వాళ్లూ రెండింటిలో ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నారట, ఒకసారి వచ్చి చూపించమన్నారు. శనివారం మధ్యాహ్నం ఇద్దరం బస్సెక్కాం. నిలబడటానికి కూడా చోటు లేదు, ఎలాగో వెనక సీట్లో సర్దుకున్నాం. ఇంజను మోత, కిటికీల దడదడ, ఎవరో ఫోన్‌లో పెట్టిన పాట. ఆ మోతలో ఆమె నా వైపు తిరిగి నోటితోనే మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ బస్సుకు ఆమె గొంతు సరిగ్గా సరిపోయింది. ఒక్కరు కూడా తిరిగి చూడలేదు.

"అక్కా, వాళ్లకు మొదలు ఏం చూపిద్దాం? టీసీ కిందికి పడేది చూపిద్దమా?"

నేను ఆమెకు ఎదురుగా తిరిగి, పెదవులు కనపడేలా నెమ్మదిగా అన్నాను. "ముందుగల గదే చూపిద్దాం. మంచిగున్నదే చూపిస్తే నమ్మరు."

ఆమె పెద్దగా నవ్వింది. తర్వాత వాళ్ల అమ్మ సంగతి, రాయబోయే గవర్నమెంటు పరీక్ష సంగతి, బస్సులో కలిసే పిల్లల సంగతి చెప్తూనే ఉంది. కౌడిపల్లి వచ్చిందని కండక్టరు అరిచేదాకా నేను వింటూనే ఉన్నాను.